సీడీలో పాట ఎక్కడుంది?
పాత సీడీల నుంచి కారు స్టీరియోలోకి పాటలు చేర్చుకునే పద్ధతి

గత పదేళ్ళలో కొత్త కార్లలోంచి ఒక వస్తువు చప్పుడు లేకుండా మాయమైంది. అది సీడీ పెట్టే గాడి. దాని చోటులోకి టచ్ స్క్రీను, దాని కింద ఒక యూఎస్‌బీ పోర్టు వచ్చాయి. లాప్‌టాప్‌లలోనూ ఇదే జరిగింది. కానీ మన బీరువాల్లో సీడీలు మాత్రం అలాగే ఉన్నాయి. ఘంటసాల భగవద్గీత, ఎం.ఎస్. రామారావు సుందరకాండ, అన్నమయ్య కీర్తనలు, పాత సినిమా పాటలు, వాటి మధ్యలో ఎవరింటి పెళ్ళిదో తెలియని ఒక వీడియో సీడీ. వినే యంత్రం పోయింది, వినాలన్న కోరిక పోలేదు.

వాటిలోని పాటల్ని కారు స్టీరియోలోకి ఎలా చేర్చుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను. దాంతోపాటు, ఈ పనిని ఎందుకు వాయిదా వేయకూడదో కూడా చెబుతాను. సినిమా పాట పోతే మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది. ఇంట్లో రికార్డు చేసుకున్న గొంతు పోతే ఎక్కడా దొరకదు.

ఖరగ్‌పూర్ డబ్బాలు

నేను పనిచేసే ఖరగ్‌పూర్‌లో ఈ విషయానికి బరువు కాస్త ఎక్కువ. ఈ ఊరిని చాలామంది ఐఐటీ వల్లో (1951), 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం వల్లో గుర్తుపెట్టుకుంటారు. ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. తర్వాత ఆ పేరు గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి వెళ్ళింది. కానీ ఇక్కడికి బదిలీ మీద వచ్చిన తెలుగువాడిని ఆశ్చర్యపరిచేది ప్లాట్‌ఫారం కాదు, బజారులో వినిపించే తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పట్టాలు వాల్తేరు దాకా ఒకే కంపెనీవి. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చారు. మూడు నాలుగు తరాలు గడిచినా ఇళ్ళలో తెలుగు నిలిచే ఉంది.

ఇలాంటి ఊళ్ళో పాట అంటే కాలక్షేపం ఒక్కటే కాదు. బడిలో బెంగాలీ లేదా హిందీ, వీధిలో రెండూ కలిపి. తెలుగు చెవిన పడేది ఇంట్లోనే. సొంతూరు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఊరగాయ జాడీతో పాటు ముందు క్యాసెట్లు, తర్వాత సీడీలు రైల్లో వచ్చేవి. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్ళలో సీడీల డబ్బాలు పెద్దవి. కొన్నింటిలో ఇంటివాళ్ళే పాడి రికార్డు చేసుకున్న పాటలూ ఉన్నాయి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మా శాఖకు వచ్చే పెన్షనర్లలో ఒక పెద్దాయన ఉన్నారు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ సొంతూరు టెక్కలి వైపు. ఆయన మనవడు మన శాఖలోనే లోను తీసుకుని కారు కొన్నాడు. పెద్దాయన భార్య బతికుండగా మంగళహారతులు, పెళ్ళిపాటలు పాడేవారట. రైల్వే క్వార్టర్లో ఒక వేడుకలో ఎవరో వాటిని క్యాసెట్‌లో పట్టారు. ఆ తర్వాత ఒక స్టూడియో అబ్బాయి ఆ క్యాసెట్‌ను సీడీగా మార్చి ఇచ్చాడు. క్యాసెట్ తేమకు పోయింది. మిగిలింది ఆ ఒక్క సీడీ. మనవడు దాన్ని కంప్యూటర్లో పెట్టి, కనిపించినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి కారులో పెట్టాడు.

“పేర్లు కనబడతన్నాయి మేనేజరు బాబూ, పాట మాత్రం పలకట్లేదు. ఏటంటారు?” అని అడిగారు ఆయన.

“కంగారు పడకండి బాబాయ్ గారూ. సీడీ జాగ్రత్తగా ఉందా? అయితే పాటకేం కాలేదు. పెన్‌డ్రైవ్‌లోకి అసలు పాట రానేలేదు, అంతే” అన్నాను.

ఆ జవాబుకు అర్థమేమిటో చెబితే సగం వ్యాసం పూర్తయినట్టే.

ముందు మీ సీడీ ఏ రకమో చూసుకోండి

పైకి అన్నీ ఒకేలా మెరిసినా, మన ఇళ్ళలో ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఆడియో సీడీ. పది పన్నెండు పాటలు, ఎక్కువలో ఎక్కువ 74 లేదా 80 నిమిషాలు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో దీని ప్రమాణాలు రాశాయి. 1982లో బజారులోకి వచ్చింది.

రెండోది ఎంపీ3 సీడీ. “150 హిట్ సాంగ్స్” అని అట్ట మీద రాసి అమ్మేవారే, అది. ఇందులో ఉన్నవి మామూలు కంప్యూటర్ ఫైళ్ళే. కంప్యూటర్లో పెట్టి, ఫైళ్ళన్నీ ఎంచుకుని, కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్టు చేస్తే సరి. ఈ వ్యాసంలో మిగతా శ్రమ వీటికి అక్కర్లేదు.

మూడోది వీసీడీ, అంటే వీడియో సీడీ. ఇందులో .డాట్ అనే చివరిపేరుతో పెద్ద ఫైళ్ళుంటాయి. బొమ్మ వద్దు, పాట చాలనుకుంటే వీఎల్‌సీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో శబ్దాన్ని మాత్రం వేరు చేసుకోవచ్చు.

సీడీని కంప్యూటర్లో తెరిచినప్పుడు “ట్రాక్01.సీడీఏ”, “ట్రాక్02.సీడీఏ” అని వరసగా కనిపిస్తే అది ఆడియో సీడీ. మన పెద్దాయనది అదే.

కాపీ చేస్తే పాట ఎందుకు రాదు?

ఆ సీడీఏ ఫైలు సైజు చూడండి. ఐదు నిమిషాల పాటకూ, రెండు నిమిషాల పాటకూ ఒకే సైజు, 1 కేబీ అని కనిపిస్తుంది. నిజానికి అందులో ఉండేది 44 బైట్లే. అంతలో పాట పట్టదు. ఈ పాట సీడీ మీద ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్న వివరం మాత్రమే అందులో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అది లాకరు నంబరు రాసిన చీటీ. చీటీకి జిరాక్సు తీసి ఇంటికి తీసుకెళ్తే నగలు ఇంటికి రావు కదా.

మరి పాట ఎక్కడుంది? ఆడియో సీడీలో అసలు ఫైళ్ళే లేవు. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఎడమ కుడి చానెళ్ళకు విడివిడిగా ఆ అంకెల్ని ఒకే గాడిలో మొదటి నుంచి చివరి దాకా రాసుకుంటూ పోయారు. ఆ గాడి మధ్య రంధ్రం దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ అంచు వైపు సాగుతుంది. దాన్ని విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంటే మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఐదుసార్లు నడిచినంత దూరం. అరచేతిలో పట్టే బిళ్ళ మీద అంత దారి ఉంది.

ఆ దారి వెంట లేజరుతో చదువుతూ, వచ్చిన అంకెల్ని కంప్యూటర్లో ఫైలుగా రాసుకోవాలి. దీన్నే “రిప్పింగ్” అంటారు. కాపీ, రిప్పింగ్ వేరు వేరు పనులు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే చాలామంది “సీడీలు పాడైపోయాయి” అనుకుని పారేస్తుంటారు.

గీతలు పడ్డ సీడీ పాడుతుందిగా, ఇంకేం భయం?

గీతలు పడినా సీడీ ఎలా పాడుతుందో తెలుసుకుంటే, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

సీడీ మీద అంకెల్ని వరసగా పక్కపక్కనే రాయలేదు. కలగలిపి, దూరదూరంగా చల్లి, వాటితో పాటు సరిచూసుకునే అదనపు అంకెలు కూడా రాశారు. అందువల్ల గాడి వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర అంకెలు చెరిగిపోయినా, మిగతా వాటి నుంచి పోయినవాటిని లెక్కగట్టి యథాతథంగా రాబట్టవచ్చు. అంతకు మించి చెరిగితే ప్లేయరు అటూ ఇటూ ఉన్న అంకెల్ని బట్టి మధ్యది ఊహించి నింపుతుంది. మనకు తేడా తెలియదు. ఇంకా ఎక్కువ చెరిగితే టక్కుమనడం, ఆగిపోవడం మొదలవుతాయి.

దీన్ని బట్టి మూడు జాగ్రత్తలు.

ఒకటి. సీడీని తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పి తుడవకూడదు. మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత గాడి వెంటే పడుతుంది. అప్పుడు వరసగా ఎక్కువ అంకెలు చెరుగుతాయి. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టలో కొంచెమే చెరుపుతుంది, దాన్ని సరిచేసుకోవచ్చు.

రెండు. మెరిసే వైపు కన్నా బొమ్మ ఉన్న వైపు సున్నితం. మెరిసే వైపు ఒక మిల్లీమీటరుకు పైగా మందం ఉన్న ప్లాస్టిక్ కాపు ఉంటుంది. వెలుగును తిప్పికొట్టే పల్చటి పూత ఉండేది బొమ్మకు సరిగ్గా కిందే. బొమ్మ వైపు బాల్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన స్టిక్కరు పీకినా ఆ పూత లేచిపోతుంది. అది లేచిన చోట చదవడానికి ఇంకేమీ మిగలదు.

మూడు. కొన్న సీడీ వేరు, రాయించుకున్న సీడీ వేరు. కంపెనీ సీడీలో అంకెలు ప్లాస్టిక్‌లో అచ్చు గుద్దినవి. స్టూడియోలోనో ఇంట్లోనో రాసిన సీడీ-ఆర్‌లో అవి ఒక రంగు పూత మీద లేజరు కాల్చి వేసిన మచ్చలు. ఎండ, వేడి, తేమ ఆ రంగును మెల్లగా చెడగొడతాయి. మన ఇళ్ళలో బదులు దొరకనివన్నీ ఈ రెండో రకమే. అందుకే ఏ సీడీతో మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. సినిమా పాటలు తర్వాత, ముందు ఇంట్లో రాయించుకున్నవి.

మేకర్, చెకర్ ఇక్కడా ఉండాలి

రిప్పింగ్‌కు కావలసినవి రెండు. సీడీ డ్రైవు, సాఫ్ట్‌వేర్. లాప్‌టాప్‌లో డ్రైవు లేకపోతే యూఎస్‌బీతో తగిలించే డీవీడీ రైటరు కొనుక్కోవచ్చు. లేదా మూల పడేసిన పాత డెస్క్‌టాప్ ఉందేమో చూడండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, పాత విండోస్ మీడియా ప్లేయరులోనూ “రిప్” బటన్ ఉంటుంది. శుభ్రంగా ఉన్న కంపెనీ సీడీలకు అది చాలు. అయితే దాని సెట్టింగుల్లో ఫార్మాట్ డబ్ల్యూఎంఏ అని ఉంటే ఎంపీ3 అని మార్చుకోండి. కొన్ని కారు స్టీరియోలు డబ్ల్యూఎంఏను పాడవు.

గీతలున్న వాటికి, ఒకే ఒక్క ప్రతి ఉన్నవాటికి విండోస్‌లో “ఎగ్జాక్ట్ ఆడియో కాపీ” అనే సాఫ్ట్‌వేర్ మంచిది. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. లైనక్స్‌లో “సీడీపారనోయా”, మాక్‌లో “ఎక్స్ఎల్‌డీ” ఇలాంటివే. వీటి పద్ధతి మన బ్యాంకు వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ అని ఒకటుంది. అందులో ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదువుతుంది. రెండూ సరిపోలితేనే ముందుకు వెళ్తుంది. సరిపోలకపోతే అదే చోటును మళ్ళీ మళ్ళీ, అవసరమైతే ఎనభై సార్ల దాకా చదివి, ఎక్కువసార్లు వచ్చిన జవాబును తీసుకుంటుంది. అప్పటికీ తేలకపోతే ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర అనుమానం ఉందని రిపోర్టులో రాస్తుంది. తప్పు ఉండొచ్చు గానీ, దాచిన తప్పు ఉండదు.

అందులోనే “టెస్ట్ అండ్ కాపీ” అనే పద్ధతి కూడా ఉంది. పాటనంతా ఒకసారి పరీక్షగా చదివి ఒక చెక్ నంబరు తీస్తుంది. రెండోసారి చదివి ఫైలు రాస్తూ మళ్ళీ తీస్తుంది. రెండు నంబర్లూ ఒకటైతే మీ చేతికి వచ్చింది నమ్మదగినదే. బాగా అమ్ముడైన సీడీలకైతే ఇంటర్నెట్‌లో ఇతరులు తీసిన నంబర్లతో పోల్చి చూసుకునే వీలుంది. ఇంట్లో రాయించుకున్న సీడీ ప్రపంచంలో మరొకరి దగ్గర ఉండదు గనుక, దానికి ఈ రెండుసార్ల పరీక్షే దిక్కు.

పెద్దాయన సీడీలో ఏడు ట్రాకులు ఉన్నాయి. మొదటి ఆరింటికీ నంబర్లు సరిపోయాయి. ఏడోది మొరాయించింది. లేజరు చదవడం మధ్యలో మొదలై అంచు దగ్గర ముగుస్తుంది గనుక చివరి పాట ఎప్పుడూ అంచు వైపే ఉంటుంది. చేతులు తగిలేది, తేమ పట్టేది కూడా అక్కడే. డ్రైవు వేగాన్ని బాగా తగ్గించి, సెక్యూర్ మోడ్‌లో పెట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా దాన్ని అలా వదిలేశాను. చివరకు పాట వచ్చింది. రిపోర్టులో రెండు చోట్ల అనుమానం అని రాసింది. విన్నప్పుడు ఒకచోట మాత్రం చిన్న టక్కు వినబడుతుంది. పాట వెనకాల దూరంగా ఇంజను కూత కూడా ఉంది.

ఒక డ్రైవు చదవలేని సీడీని మరో డ్రైవు చదవొచ్చు. లేజర్లు, వాటి సున్నితత్వం కంపెనీని బట్టి మారతాయి. అందుకని ఒకచోట రాలేదని ఆశ వదులుకోకండి. పాలిష్ పట్టడం లాంటివి ఒక్కటే ప్రతి ఉన్న సీడీ మీద మాత్రం ప్రయోగించకండి.

ఏ ఫార్మాట్? ఎంత చోటు?

సీడీలో ఉన్నది ఉన్నట్టు దింపితే గంట పాటలకు సుమారు 635 ఎంబీ పడుతుంది. దాన్ని “వేవ్” ఫైలు అంటారు. ఒక్క అంకె కూడా పోకుండా మడిచి పెట్టే పద్ధతి “ఫ్లాక్”. ఇది 2001లో వచ్చింది. రికార్డింగును బట్టి సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, విప్పితే అసలు అంకెలు మళ్ళీ వస్తాయి. ఎంపీ3 మరో దారి. చెవికి పెద్దగా తెలియని భాగాల్ని వదిలేసి సైజు బాగా తగ్గిస్తుంది. 320 కేబీపీఎస్ దగ్గర గంటకు 144 ఎంబీ, 192 దగ్గర గంటకు సుమారు 86 ఎంబీ. వదిలేసింది మళ్ళీ రాదు.

నా సలహా ఇది. ఇంట్లో దాచుకోవడానికి ఫ్లాక్, కారులో పెట్టడానికి ఎంపీ3. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి వెనక్కి వెళ్ళలేం. ఇంజను, టైర్ల రొద మధ్య కారులో ఈ రెంటికీ తేడా చెప్పడం కష్టం. ఎంపీ3ని పాడని కారు స్టీరియో దాదాపు ఉండదు. ఫ్లాక్‌ను కొన్నే పాడతాయి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 320 కేబీపీఎస్ ఎంపీ3లు రెండు వందల గంటలకు పైగా పడతాయి. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా విన్న పాట మళ్ళీ వినక్కర్లేదు.

ఒక చిన్న మెలిక. సుందరకాండ, హరికథ లాంటివి ఆగకుండా సాగుతాయి. వాటిని ట్రాకులుగా విడగొట్టి ఎంపీ3 చేస్తే, ట్రాకుకూ ట్రాకుకూ మధ్య చిన్న తెగింపు వస్తుంది. అలాంటి సీడీని మొత్తం ఒకే ఫైలుగా దించుకోవడం మేలు. ఇంకొకటి, పాత పాటల శబ్దం తక్కువగా, కొత్తవాటిది ఎక్కువగా ఉంటుంది. పాట మారినప్పుడల్లా వాల్యూము సవరించే బాధ తప్పాలంటే “ఎంపీ3గెయిన్” లాంటి సాఫ్ట్‌వేర్‌తో అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చుకోవచ్చు.

పేర్లు పెట్టడం

చాలా ఆడియో సీడీలలో పాటల పేర్లు ఉండవు. మరి కంప్యూటర్ తెరపై పేర్లు ఎలా వస్తాయి? ట్రాకుల సంఖ్యను, వాటి నిడివిని బట్టి ఇది ఫలానా సీడీ అయ్యుండాలని ఇంటర్నెట్‌లోని జాబితాల్లో వెతికి తెస్తుంది. హిందీ, ఇంగ్లీషు సీడీలకు ఇది తరచూ బాగానే పనిచేస్తుంది. తెలుగు సీడీలకు పేర్లు రాకపోవచ్చు, వచ్చినా ఎవరో తోచినట్టు రాసిన స్పెల్లింగులు ఉండొచ్చు. నిడివి కలిసిందని వేరే భాష సీడీ పేర్లు రావడమూ జరుగుతుంది. కాబట్టి అట్ట చూసి సరిదిద్దుకోండి.

పేర్లు తెలుగు లిపిలో రాయాలని మనకుంటుంది. ఇంట్లో దాచే ప్రతికి తప్పక అలాగే రాయండి. కారు ప్రతికి మాత్రం ముందు ఒక్క పాటతో పరీక్షించి చూడండి. చాలా స్టీరియోలలో తెలుగు అక్షరాల ఫాంటు ఉండదు. పేరుకు బదులు చతురస్రపు డబ్బాలు కనిపిస్తాయి. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోక తప్పదు. ప్రతి పేరుకూ ముందు 01, 02 అని రెండంకెల నంబరు ఇస్తే వరస చెడదు. 1, 2, 10 అని రాస్తే కొన్ని స్టీరియోలు 1 తర్వాత 10 పాడతాయి.

ఇంట్లో రికార్డు చేసినవాటికి ఇంకొక్క పని చేయండి. పాడింది ఎవరు, ఏ సందర్భం, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం అన్నది ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డరులో ఉంచండి. చెప్పగలిగినవాళ్ళు మన మధ్య ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. ట్రాక్03 అన్న పేరు చూసి మనవరాలి కూతురికి ఏమీ తెలియదు.

కారులో హార్డ్ డిస్కా, పెన్‌డ్రైవా?

స్టీరియోలోనే హార్డ్ డిస్కు ఉన్న కార్లు ఒకప్పుడు బాగా పేరు తెచ్చుకున్నాయి. 2001లో పయనీర్ కంపెనీ జపాన్‌లో హార్డ్ డిస్కుతో కారు నావిగేషన్ యంత్రాన్ని తెచ్చింది. అమెరికాలో క్రైస్లర్ 2007 మోడల్ సెబ్రింగ్ కారులో 20 జీబీ హార్డ్ డిస్కు ఉన్న “మైగిగ్” స్టీరియో పెట్టింది. మన దేశంలో ఇలాంటివి కొన్ని ఖరీదైన కార్లలో కనిపిస్తాయి. సెకండ్ హ్యాండులో కొన్నవారికి దొరకవచ్చు. వీటిలో సీడీ పెట్టి రికార్డు బటన్ నొక్కితే కారే పాటల్ని తన డిస్కులోకి దించుకుంటుంది, కంప్యూటరుతో పని లేదు.

సౌకర్యమే గానీ ఒక చిక్కుంది. అలా లోపలికి వెళ్ళిన పాట బయటికి రావడం కష్టం. చాలావాటిలో కంప్యూటర్లోకి తిరిగి తీసుకునే దారి ఉండదు. స్టీరియో చెడినా, కారు అమ్మినా పాటలు దాంతోనే పోతాయి. కాబట్టి మీ కారులో హార్డ్ డిస్కు ఉన్నా, ముందు కంప్యూటర్లోకి దించి, అక్కడి నుంచి కారులోకి ఎక్కించండి. కారు అమ్మేటప్పుడు మాత్రం ఆ డిస్కులోవి చెరిపేయడం మరవకండి.

ఇప్పటి కార్లకు యూఎస్‌బీయే దారి. ఇంట్లో వాడే పోర్టబుల్ హార్డ్ డిస్కును కారుకు తగిలిద్దామని కొందరు అనుకుంటారు. వద్దు. అందులో తిరిగే పళ్ళెం ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ల కుదుపులకు, ఏప్రిల్, మే నెలల ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి తట్టుకునేలా దాన్ని చేయలేదు. పైగా కొన్ని కార్ల యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు దాన్ని తిప్పడానికి చాలదు. తిరిగే భాగాలు లేని పెన్‌డ్రైవ్ చాలు.

పెన్‌డ్రైవ్ పెట్టినా కారు గుర్తించకపోతే ఫార్మాట్ చూడండి. చాలా స్టీరియోలు ఎఫ్ఏటీ32 ఒక్కటే చదువుతాయి. 64 జీబీ, అంతకు మించిన పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. అందుకే 32 జీబీది కొనడం తేలిక. ఒక ఫోల్డరులో ఇన్ని ఫైళ్ళే అన్న పరిమితి కూడా కొన్నిటికి ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది. సీడీకో ఫోల్డరు చేసి, ఫోల్డరులో ఫోల్డర్లు ఎక్కువ లేకుండా చూసుకుంటే ఇబ్బంది రాదు.

రెండు హెచ్చరికలు

మొదటిది ఉద్యోగులుగా మనకు. ఈ పనేదీ ఆఫీసు కంప్యూటర్లో చేయకూడదు. సొంత పెన్‌డ్రైవ్, సొంత సీడీ బ్యాంకు యంత్రానికి తగిలించడం మన సమాచార భద్రత నియమాలకు విరుద్ధం. పాటల పెన్‌డ్రైవ్ అయినా వైరస్‌కు తేడా తెలియదు. నేను పెద్దాయన సీడీని ఇంటికి తెచ్చుకుని చేసింది అందుకే.

రెండోది చట్టానికి సంబంధించినది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. సొంత వాడకం కోసం చేసే సముచిత వినియోగం ఉల్లంఘన కాదని అది చెబుతుంది. 2012 సవరణతో ఇది సౌండ్ రికార్డింగులకూ వర్తిస్తోంది. మీరు కొన్న సీడీలోని పాటను మీ కారులో వినడానికి దించుకోవడం వేరు. దాన్ని పెన్‌డ్రైవ్‌లలో నింపి అమ్మడం, ఊరందరికీ పంచడం వేరు. ఆ రెండోదానికి ఈ వెసులుబాటు లేదు.

దాచుకోవడం

ఒక ప్రతి ఉంటే ఏ ప్రతీ లేనట్టే అనుకోండి. పెన్‌డ్రైవ్ వాడకానికే గానీ దాచుకోవడానికి పనికిరాదు. ఫ్లాక్ ఫైళ్ళను ఇంటి కంప్యూటర్లో ఒకటి, కారుకు తీసుకెళ్ళకుండా బీరువాలో ఉంచే హార్డ్ డిస్కులో ఒకటి, వీలైతే మరో ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల దగ్గరో పిల్లల దగ్గరో మరొకటి ఉంచండి. ఏడాదికోసారి ఆ హార్డ్ డిస్కును తగిలించి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. దించుకున్నాక కూడా అసలు సీడీని పారేయకండి. నీడలో, పొడిగా, డబ్బాలో నిలువుగా పెట్టి ఉంచండి.

ఒక సీడీ శుభ్రంగా ఉంటే రిప్పింగుకు పది పదిహేను నిమిషాలు చాలు. ఆదివారానికి ఐదు చొప్పున చేస్తే డబ్బా ఖాళీ అవడానికి కొన్ని నెలలు పడుతుంది, తొందరేం లేదు. తొందరల్లా సొంతంగా రాయించుకున్న ఆ నాలుగైదు సీడీల విషయంలోనే. వాటి మీద రంగు పూత ఏటేటా పలచబడుతోంది. వాటిని చదివే డ్రైవులు బజారులో ఏటేటా తగ్గుతున్నాయి. ఈ వారం డబ్బా దించి, అచ్చు బొమ్మ లేకుండా మార్కరు పెన్నుతో పేరు రాసి ఉన్న సీడీలను ముందు పక్కకు తీయండి. మొదలుపెట్టాల్సింది వాటితోనే.